మూడు పెళ్లిళ్ల రాజు, బహ్రెయిన్ కోట, మా అమ్మ ఫోను

బహ్రెయిన్ కోటకి అందరూ సరదాగా వెళ్తారు. నేను ఒళ్లు మండి వెళ్లాను. ఈ మాట ముందే చెప్పేస్తే సూర్యాస్తమయం ఫొటోల కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. జుఫైర్‌లో మా ఫ్లాటు నుంచి ఆ కోటకి రోడ్డు ఖాళీగా ఉంటే ఇరవై నిమిషాలు. తొమ్మిదేళ్లుగా వచ్చేవారం, వచ్చేవారం అనుకుంటూనే ఉన్నాం. చివరికి నన్ను కదిలించింది మా హారిక. హారిక మా అక్క కూతురు. అక్క పోయేటప్పటికి దానికి మూడేళ్లు. అప్పటి నుంచీ దాన్ని పెంచింది నేను, వాళ్ల నాన్నని పెళ్లి చేసుకున్నదీ నేనే. అది నన్ను పిన్నీ అంటుంది, నేను మా ఆయన్ని ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. ఇప్పుడది హైదరాబాదులో చరిత్రలో ఎమ్మే చేస్తోంది. గల్ఫులో పోర్చుగీసు కోటల మీద ఏదో ప్రాజెక్టు రాయాలని పది రోజులకి మా దగ్గరికి వచ్చింది.

అది రాకముందే నేనొక ఘనకార్యం చేశాను. పాలకొల్లు నుంచి అమ్మ ఫోన్ చేసి, హారికని మా తమ్ముడు శ్రీనుకి చేద్దామంది. మేనమామకి మేనకోడల్ని ఇవ్వడం మా ఇళ్లల్లో కొత్త సంగతి కాదు. శ్రీనుకి ముప్పై రెండు, దీనికి ఇరవై మూడు. వాడు బుద్ధిమంతుడు, రాజమండ్రిలో ఉద్యోగం. పొయ్యి మీద తాలింపు మాడిపోతోందన్న తొందరలో, సరేలే అమ్మా, అది నా మాట కాదనదు అనేశాను. అంతే. గురువారం సాయంత్రం మళ్లీ ఫోను. శుక్రవారం పన్నెండింటికి పురోహితుడు వస్తున్నాడట, లగ్నపత్రిక రాయించేస్తారట. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. ఆగమ్మా, దాన్ని ఒక్కసారి అడిగి చెప్తాను అన్నాను. దానికి అమ్మ అన్న మాట ఇది.

"అడగడానికేముందే? అక్క పోయినప్పుడు నిన్నడిగామా? బాగానే ఉన్నావుగా."

ఫోన్ పెట్టేసి గిన్నెలు తోముకుంటూ ఒక మంచి పింగాణీ ప్లేటు పగలగొట్టాను. అమ్మ చెప్పింది అబద్ధమైతే నాకంత కోపం వచ్చేది కాదు. నన్ను నిజంగానే ఎవరూ అడగలేదు. నాకప్పుడు ఇరవై ఒకటి, ఎమ్మెస్సీ సీటు వచ్చిన ఉత్తరం ఇంకా బీరువాలోనే ఉంది. అక్క పన్నెండో రోజు భోజనాలయ్యాక మా పెదనాన్న హారికని తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టి, ఇంక దీనికి అమ్మవి నువ్వే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. అదే నా పెళ్లిచూపులు, అదే నిశ్చితార్థం. బావ చెడ్డవాడు కాదు, ఆ మాట ఎక్కడైనా చెప్తాను. కానీ ఇరవై ఏళ్ల తర్వాత, హారిక విషయంలో నేను కూడా పెదనాన్న చేసిన పనే చేశానని ఆ సాయంత్రం సింకు దగ్గర నిలబడితే తెలిసొచ్చింది. పక్క గదిలో హారిక పెద్ద కాగితం పరుచుకుని ఏవో గళ్లు గీసుకుంటోంది. వెళ్లి అడగడానికి నాకు నోరు రాలేదు. రేపు కోటకి తీసుకెళ్తాను, అక్కడ మాట్లాడతాను అనుకున్నాను. పాలకొల్లులో పన్నెండంటే ఇక్కడ తొమ్మిదిన్నర. అంతలోపు ఏదో ఒకటి తేలాలి.

శుక్రవారం ఏడున్నరకి కిందికి దిగితే బావ వాళ్ల కంపెనీ వ్యాను సిద్ధంగా ఉంది, డ్రైవరు లింగయ్యతో సహా. బావ ముందురోజే పని మీద సముద్రం మీది కాజ్‌వే వంతెన దాటి సౌదీలోని ఖోబర్ వెళ్లాడు. లింగయ్యది జగిత్యాల దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడున్నా ఇంటికి ఫోన్ చేస్తే ఇంకా దుబాయిల ఉన్న అనే చెప్తాడు. శుక్రవారం డ్యూటీ లేదు కదా, ఎందుకొచ్చావని అడిగితే సార్ చెప్పిండు అన్నాడు. అడిగారా, చెప్పారా అన్నాను. అతను నన్ను వింతగా చూసి వ్యాను తలుపు తీశాడు. పొద్దున్నే మళ్లీ ఒళ్లు మండింది, ఈసారి బావ మీద. మీకు ఇలాంటి వ్యాను దొరకకపోతే బాధపడక్కర్లేదు. మా ఇంటి వైపు నుంచి మీటరు టాక్సీకి నాలుగైదు దినార్లు అవుతుంది. దినారుకి వెయ్యి ఫిల్సులు, బస్సులో మూడు వందల ఫిల్సులతో సనాబిస్ దాకా వెళ్లి, అక్కడి నుంచి చిన్న టాక్సీ పట్టుకోవడం చవక. కోట దగ్గర మాత్రం తిరుగు టాక్సీ వెంటనే దొరకదు, ఫోన్ చేసి పిలిపించుకోవాలి.

సనాబిస్‌లో టిఫిన్‌కి ఆగాం. రోడ్డు పక్క చిన్న హోటలు, వంటాయన మలబారు మనిషి. ఇక్కడివాళ్లు పొద్దున తినే బలాలీత్ హారికకి రుచి చూపించాలని నా ఆశ. అది తియ్యటి సేమియా, కుంకుమపువ్వు, ఏలకుల వాసన, పైన పల్చటి ఆమ్లెట్టు. వినడానికి ఎలా ఉన్నా తినడానికి బాగుంటుంది. ముగ్గురికీ అదీ, రొట్టెలూ, చిక్కగా మరిగించిన కరక్ చాయ్‌లూ కలిపి రెండున్నర దినార్లయింది. లింగయ్య సేమియా మీద గుడ్డు చూసి, పాయసంల గుడ్డేసిన్రేంది అని పక్కకు నెట్టి రొట్టె, పప్పు తెప్పించుకున్నాడు. అది చూసిన వంటాయన వచ్చి, అతని గిన్నెలో ఇంకో గరిటె పప్పు వేసి వెళ్లాడు.

అక్కడే హారిక తన కాగితం విప్పింది. నేను చూసిన గళ్లు ఒక రాజు వంశవృక్షం. పోర్చుగీసు వాళ్లు ఈ దీవిని పట్టుకున్నది 1521లో. అప్పుడు వాళ్ల రాజు మనుయేల్. ఆ ఏడాది చివర్లోనే పోయాడు, ఈ దీవి మొహం చూసినవాడు కాదు. కాగితం మధ్యలో అతని పేరు పెద్దక్షరాలతో ఉంది. కింద మూడు గళ్లు, వాటిలో భార్య ఒకటి, భార్య రెండు, భార్య మూడు. వాళ్లకి పేర్లు లేవా అని అడిగాను. పేర్లున్నాయి పిన్నీ, పుస్తకాల్లో లెక్క ఇలాగే వేస్తారు అని, చెప్పడం మొదలుపెట్టింది. వ్యాను ఎక్కాక కూడా చెబుతూనే ఉంది, లింగయ్య నిదానంగా నడుపుతూ చెవి ఇటే పెట్టాడు.

మొదటి ఆమె ఇసబెల్, స్పెయిన్ రాజదంపతుల పెద్దకూతురు. ఆమెని ముందు పోర్చుగల్ యువరాజుకిచ్చారు. పెళ్లయిన కొన్నాళ్లకే అతను గుర్రం మీద నుంచి పడి పోయాడు. ఆమె నాకింక పెళ్లి వద్దు, దేవుడి ధ్యానంలో గడిపేస్తానంది. పెద్దవాళ్లు వింటారా. కొన్నేళ్లాగి, ఆ దేశానికే కొత్త రాజైన మనుయేల్‌కిచ్చి పంపారు. ఆ పోయిన యువరాజు ఎవరో కాదు, మనుయేల్‌కి సొంత అక్క కొడుకు. ఏడాది తిరక్కుండా ఆమె కాన్పులో పోయింది. పుట్టిన మగపిల్లాడు రెండేళ్లు కూడా బతకలేదు. అప్పుడు ఆమె చెల్లెలు మరియాని పంపారు. మరియా పదిమందిని కని ముప్పై నాలుగేళ్లకి పోయింది. మరుసటి ఏడే మూడో పెళ్లి. ఈసారి పిల్ల ఎలినోర్, ఇరవై ఏళ్లది. మరియాకి సొంత అక్క కూతురు. రాజుకి యాభై దగ్గరపడ్డాయి. పైగా ఆ పిల్లని ముందు అనుకున్నది రాజుగారి కొడుక్కి. కొడుక్కి చూసిన పిల్లని తండ్రి చేసుకున్నాడు.

లింగయ్య సిగ్నల్ దగ్గర ఆపి వెనక్కి తిరిగాడు. "వదినె బిడ్డ అంటే బిడ్డనే గద మేడం. బిడ్డను చేస్కున్నడా?"

అప్పటిదాకా నాకది తట్టలేదు. చదువుకున్నవాళ్లం కదా, కజిన్, అంకుల్ అని వినీ వినీ వరసలు కలుపుకోవడం మానేశాం. జగిత్యాల మనిషికి క్షణం పట్టలేదు. పోయిన మేనల్లుడి భార్య కూడా కూతురు వరసే అవుతుందని అతనే లెక్క తేల్చాడు. కొడుక్కి చేసినా తప్పే, అక్కాతమ్ముళ్ల వరస అన్నాడు. తమ దిక్కు గట్ల చేస్తే ఊరు ఊకోదని కూడా చెప్పాడు. హారిక పకపకా నవ్వి, మా ప్రొఫెసరుకి ఇది చెప్పాలి అంది. మరి నీ పెళ్లి ఎవరితో లింగయ్యా అంటే, అక్క బిడ్డతోనే, అది వరుసేనని గర్వంగా చెప్పాడు. ఆమెని అడిగి చేశారా అన్నాను. సిగ్నల్ మారితే వ్యాను కదిలించాడు. అడగలేదని, ఇరవై ఏండ్ల తర్వాత ఇప్పుడడిగితే తిడుతుందని అన్నాడు. వరస కుదిరితే చాలు, మనిషిని అడగక్కర్లేదన్నది రాజుగారికీ మాకూ కూడా ఒకటేనన్నమాట. రాజుగారైతే వరస కూడా చూడలేదు, అంతే తేడా.

ఎనిమిదీ ముప్పావుకి కోట దగ్గర దిగాం. కోటలో తిరగడానికి మమ్మల్ని టికెట్ అడగలేదు. మ్యూజియానికి వేరేగా ఉంటుంది, ధర, సెలవు రోజు ముందే చూసుకుని వెళ్లండి. జనవరి చివర కాబట్టి ఎండ బాధ లేదు, సముద్రం మీంచి గాలి మాత్రం కోసేస్తుంది, పల్చటి చున్నీతో వెళ్లి నేను వణికాను. వెనక ఖర్జూరపు తోటలు, ముందు సముద్రం, నీళ్ల అవతల సీఫ్ పేట మేడలు. అందరూ పోర్చుగీసు కోట అంటారు కానీ వాళ్లు వచ్చేనాటికే ఇక్కడ కోట ఉంది. వాళ్లు దాన్ని తమకి కావలసినట్టు మార్చి బురుజులు పెంచారు. అడుగున వేల ఏళ్లనాటి ఇళ్ల గోడలు ఇంకా కనిపిస్తాయి. లింగయ్య వ్యాను దగ్గరే ఉంటానన్నాడు, ఉండక్కర్లేదు నువ్వూ చూడు అన్నాను. ఎన్నోసార్లు సార్ల చుట్టాలని దింపిన గానీ లోపలికి రాలె అని, కందకం మీది వంతెన దాటి ఒక్కడే ముందుకి వెళ్లిపోయాడు.

హారికా నేనూ కమానుల కింది చల్లటి గదుల్లోకి దిగాం. తొమ్మిది దాటింది. అడగాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఆ గోడకి ఫొటో తీసుకో, ఈ మెట్టు జాగ్రత్త అంటూ సోది చెబుతున్నాను. ఫోనుకి సిగ్నల్ లేదు, అది కూడా ఒక సాకు దొరికినట్టే అనిపించింది. ఒక కిటికీ దగ్గర కూర్చుని హారిక మూడో భార్య సంగతి చెప్పింది. ఎలినోర్‌కి కూతురు పుట్టిన ఆరు నెలలకే రాజు పోయాడు. ఆ పిల్లని ఆ దేశంలోనే వదిలిపెట్టి ఆమె పుట్టింటికి పోవాల్సి వచ్చింది. తర్వాత ఆమె తమ్ముడు ఆమెని ఫ్రాన్సు రాజుకిచ్చి ఇంకో పెళ్లి చేశాడు. ఆ తమ్ముడే తన చెల్లెల్ని ఒకామెని మనుయేల్ కొడుక్కిచ్చి, మనుయేల్‌కి మరియా కన్న కూతుర్ని తను చేసుకున్నాడు. అచ్చంగా కుండమార్పిడి. ఎలినోర్, ఆమె వదిలొచ్చిన ఆ కూతురు మళ్లీ కలుసుకునేసరికి ముప్పై ఏళ్లు దాటిపోయాయి. ఆ కలయిక అయ్యాక తిరిగి వెళ్తూ దారిలోనే ఆ తల్లి పోయింది. ఈ కోట చరిత్రలు నేనూ ఎన్నో చదివాను, ఫిరంగులు ఎన్నో, ఓడలు ఎన్నో అన్నీ రాస్తారు. ఈ సంగతి ఒక్కరు రాసిన పాపాన పోలేదు.

"మరి మరియా?" అన్నాను. "అక్క పోయాక పంపిన చెల్లెలు. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?"

"నేను చదివినవాటిల్లో ఎక్కడా లేదు పిన్నీ. పదిమంది పిల్లల పేర్లూ ఉన్నాయి. అది మాత్రం లేదు." కాగితం మడుస్తూ, నా వైపు చూడకుండా మళ్లీ అంది. "శ్రీను మామయ్య నాకు నాలుగు రోజుల క్రితమే మెసేజ్ పెట్టాడు. తనకీ అమ్మమ్మ చెప్పిందంతే, అడగలేదట. నువ్వు అడుగుతావేమోనని చూస్తున్నా."

నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ అది నా పక్కన కూర్చుని అన్నం తింది, నాతో బజారుకొచ్చింది, నా తలకి రంగేసింది. నేనేమో దానికేం తెలియదనుకుని దాచుకుంటున్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అమ్మ మీద, పెదనాన్న మీద, ఎప్పుడో పోయిన ఆ రాజు మీద ఉన్న కోపమంతా తిరిగి నా నెత్తినే పడింది. ఇంక సంజాయిషీలు వెతకలేదు. నీకిష్టమేనా హారికా అని అడిగాను. ఆ రెండు మాటలు పలకడానికి నాకు అంతసేపు ఎందుకు పట్టిందో ఇప్పటికీ అర్థం కాదు.

మామయ్య మంచివాడని, చిన్నప్పుడు తనకి సైకిలు నేర్పింది ఆయనేనని అంది. "కానీ వద్దు పిన్నీ," అంది తర్వాత.

టైము తొమ్మిదీ ఇరవై. సిగ్నల్ కోసం చెప్పులు చేత పట్టుకుని బురుజు మెట్లెక్కాను, ఆయాసంతో. నలభై ఒక్కేళ్లొచ్చాక అంత తొందరగా మెట్లెక్కడం అదే మొదలు. అమ్మ మొదటి రింగుకే ఎత్తింది. వెనక ఎవరో కాఫీలు అడుగుతున్నారు, పురోహితుడు వచ్చేసినట్టున్నాడు. పత్రిక రాయించొద్దు, హారికకి ఇష్టం లేదు అన్నాను. అమ్మ ముందు నవ్వింది, ఆ నవ్వుకి మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు నాకు ఇంకా మండింది. తర్వాత అరిచింది. నువ్వే సరే అన్నావు కదే, ఇప్పుడు నలుగురిలో నా తల తీసేస్తావా అంది. అవును, తప్పు నాదే, అది చెప్పాల్సిన మాట నేను చెప్పేశాను అని ఒప్పుకున్నాను. ఆ పిల్లకి ఏం తెలుసు, పెళ్లయ్యాక అదే సర్దుకుంటుంది, నువ్వు సర్దుకోలేదా, నీకేం తక్కువైందని మళ్లీ అదే పాట.

గాలి హోరులో నా మాట నాకే సరిగ్గా వినపడటం లేదు. అయినా గట్టిగానే చెప్పాను. "అమ్మా, ఆ రోజు అడిగుంటే నేను సరే అనేదాన్నేమో. హారికని చూసైనా అనేదాన్ని. ఆ మాట నా నోటితో నన్ను అననివ్వలేదు మీరు."

అమ్మ, ఉండు, పంతులుగారికి కాఫీ ఇచ్చొస్తాను అంది. మళ్లీ లైన్లోకొచ్చి, పంపించేస్తున్నాలే అంది. కోపంగానే అంది, ఇంకో మాట లేకుండా పెట్టేసింది. వారం గడిచినా నాతో మాట్లాడలేదు. శ్రీను మాత్రం ఆ మధ్యాహ్నమే హారికకి బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు.

కిందికి వచ్చేసరికి లింగయ్య అవతలి బురుజు నీడలో ఫోనులో వీడియో పెట్టుకుని వాళ్లావిడకి సముద్రం చూపిస్తున్నాడు. మేం వెళ్లబోతే ఇంకో అయిదు నిమిషాలు మేడం అన్నాడు. అరగంట తీసుకో అని మ్యూజియం వైపు కాఫీ తాగడానికి పోయాం. పదకొండున్నరకి ఇంట్లో ఉన్నాం.

ఆ రోజు నుంచి ఆలోచిస్తుంటే నాకు ఇంకా చల్లారని కోపం ఒకటుంది. ఆ రాజుని తప్పుపట్టడం సులువు, అతను రాజ్యాల కోసం చేశాడు. మనం రాజ్యాలేం లేకుండానే చేస్తాం, పిల్లల కోసం, ఇంటి పరువు కోసం, బయటివాళ్లెందుకని. చేసి, బాగానే ఉన్నారుగా అంటాం. బాగుండటం సర్దుకున్న మా గొప్పతనం, అడగకుండా చేసిన మీ గొప్పతనం కాదు. నేను బావతో సంతోషంగానే ఉన్నాను, హారికని ఇంకెవరి కడుపున పుట్టినదాన్నీ ప్రేమించనంతగా ప్రేమించాను. అవన్నీ నేను చేసుకున్నవి. మరియా కూడా ఆ పదిమందిని అలాగే పెంచుకుని ఉంటుంది, ఆ సంతోషం కూడా రాజుగారి ఖాతాలోనే రాసేసి ఉంటారు. ఖోబర్ నుంచి బావ తిరిగొచ్చాక ఇదంతా చెప్పాను. అంతా విని, ఆ రోజు నన్నూ ఎవరూ అడగలేదు అన్నాడు. ఇరవై ఏళ్లలో ఈ మాట మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

కోటకి వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. కమానుల కింది గదుల్లో నాకు సిగ్నల్ అందలేదు. ఇంటికి చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఏదైనా ఉంటే బురుజు పైకి ఎక్కి చెప్పండి, మెట్లు ఎత్తుగా ఉంటాయి గానీ అక్కడి నుంచి పాలకొల్లు దాకా స్పష్టంగా వినపడుతుంది.